నడవలో ముప్పావుగంట

నా నోరు మంచిది కాదని మా గల్లీలో అందరికీ తెలుసు. కూరగాయల బండివాడు కూడా మా గేటు ముందుకు వచ్చేసరికి గొంతు తగ్గిస్తాడు. అలాంటి నేను ముక్కూ మొహం తెలియని ఒక మనిషిని ఇంటికి పిలిచి, "ఇల్లు సదిరిపెట్టు, నీకు దండం పెడుత" అన్నానంటే నా పరిస్థితి ఎక్కడిదాకా వచ్చిందో మీరే అర్థం చేసుకోండి.

అప్పటికి మా ఆయన ఆసుపత్రిలో పడి పది రోజులైంది. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మూతి ఒక పక్కకు లాగేసింది. ప్రాణానికి భయం లేదు, ఇంకో ఐదు రోజుల్లో ఇంటికి పంపిస్తాం అన్నాడు డాక్టరు. అంటూనే, ఇంట్లో మంచం చుట్టూ మనిషి తిరిగే జాగా ఉందా, చక్రాల కుర్చీ పడుతుందా అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మా బిడ్డ అందుకుంది.

"వీళ్లది ఇల్లు కాదు సార్, గోదాం. బాపును నేను కోటగిరికి తీస్కపోత."

మాకు ఒక్కతే కూతురు. కోటగిరిలో ఇచ్చాం. కాలువ కింద పొలం, విశాలమైన ఇల్లు, దేనికీ లోటు లేదు. అక్కడికి పోతే ఆయనను బాగానే చూసుకుంటారు. కానీ ఒకసారి పోతే ఆయన ఇక తిరిగి రాడు, అది నాకు రాసి పెట్టినట్టు కనబడింది. నన్ను కూడా రమ్మని బిడ్డ అనలేదు. అన్నా, వియ్యంకుల ఇంట్లో కూర్చుని తినే మొహం నాకు లేదు. ముప్పై మూడేళ్లు ఒక కప్పు కింద ఉన్న మనిషిని వదిలేసి ఒక్కదాన్ని ఏం చేయాలి? ఆసుపత్రి వరండాలో అందరూ చూస్తుండగా బిడ్డ చేతులు పట్టుకుని బతిమాలాను. ఐదు రోజుల్లో ఇల్లంతా ఖాళీ చేస్తాను, ఆయనను నా దగ్గరే ఉంచు అన్నాను.

"సరే. ఆ దినం నేను వచ్చి సూస్త. జాగ లేకుంటే బండి అటే కోటగిరికి తిప్పుత," అంది.

ఇంట్లో అంత సామాను ఎక్కడిదంటారా? ఆయన బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఫ్యాక్టరీ క్వార్టర్ల కాలనీలో ఉండేవాళ్లం. చెరకు ఆడే నెలల్లో ఆ కాలనీలో పగలూ రాత్రీ తేడా ఉండేది కాదు, వారానికి రెండు ఫంక్షన్లు తప్పేవి కావు. ఎవరింట్లో ఒడిబియ్యం పోసినా ముందు నాకే పిలుపు. పెళ్లయిన ఆడపిల్లను పుట్టింటికి పిలిచి, ఒడిలో పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, రవికె గుడ్డలు పోసి పంపడం మా దిక్కు ఆచారం. పోయడానికి వెళ్లిన ముత్తైదువలకు కూడా బొట్టు పెట్టి ఒక రవికె గుడ్డ చేతిలో పెడతారు. అలా పసుపు కుంకుమతో వచ్చిన గుడ్డను పారేయకూడదు, మసిగుడ్డ చేయకూడదు, కాలితో తొక్కకూడదు. తొక్కితే ఐదోతనానికి కీడు, అంటే మొగుడి ప్రాణానికే ముప్పు అని మా అత్త చెప్పేది. మిగతా ఆడవాళ్లు తెలివైనవాళ్లు, ఇక్కడ పుచ్చుకున్నది అక్కడ పెట్టి చేతులు దులుపుకునేవాళ్లు. నాకు ఆ మాట మెదడులో నాటుకుపోయింది. వచ్చిన ప్రతి గుడ్డనూ పాత చీరల్లో మూటలు కట్టి దాచాను.

ఫ్యాక్టరీ మూతపడ్డాక క్వార్టరు వదిలి నిజామాబాద్‌లో ఈ చిన్న ఇల్లు కొనుక్కున్నాం. సామాను లారీలో వచ్చింది గానీ జాగా రాలేదు. గదులు నిండాక నడవ మీద పడ్డాను. ముందుగదికీ వెనక బాత్రూముకూ మధ్య సన్నటి నడవ మాది. కింద మూటలు, మూటల మీద ట్రంకు పెట్టెలు, వాటి మీద స్టీలు బిందెలు, గుండిగలు, ఎవరెవరి పెళ్లిళ్లలోనో ఇచ్చిన పళ్లాలు. ఆయన రోజూ పొద్దున్నే అందులోంచి పక్కవాటుగా, కడుపు లోపలికి పీల్చుకుని నడిచేవాడు. ఒక్కనాడు నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా నేను ఊరుకునేదాన్ని కాదు, అది ఆయనకు తెలుసు.

బిడ్డతో మాత్రం దీని మీదే రెండేళ్ల కింద పెద్ద గొడవైంది. అప్పటినుంచి వచ్చినా ముందుగదిలో కూర్చుని, నాన్నతో నాలుగు మాటలు మాట్లాడి పోయేది. నడవకు నేను అడ్డంగా పరదా వేశాను. ఫోనులో అడిగితే నడవలోదంతా తీసేశానని చెప్పాను.

ఆయన పడిపోయింది బాత్రూము గుమ్మం దగ్గర. "ఇంకొంచెం ముందు తెచ్చి ఉంటే చెయ్యన్నా దక్కేది" అన్నాడు డాక్టరు. బిడ్డ నా వైపు తిరిగి ఎందుకు ఆలస్యమైందని అడిగింది. అంబులెన్సువాళ్లు ఆలస్యం చేశారని చెప్పాను. అది అబద్ధం. నోట్లోంచి వచ్చాక గానీ అబద్ధమని నాకే తెలియలేదు. తెలిశాక కూడా వెనక్కి తీసుకోలేదు.

ఇల్లు సదిరే ఆమె గురించి మాకు పాలు పోసే ఆమె చెప్పింది. వర్ని మండలం దిక్కు మనిషి, నాకంటే పదేళ్లు చిన్న. పాతికేళ్లు బీడీలు చుట్టింది. చూపు తగ్గి ఆ పని మానేశాక, పెళ్లిళ్లకు ముందు ఇళ్లు సదరడానికి పోతోంది. వచ్చీ రాగానే చెప్పులు విడిచి, ఇల్లంతా ఒక చుట్టు చూసి, కొంగు నడుముకు దోపింది. అయ్యో అనలేదు, ముక్కు మూసుకోలేదు. అందుకు నాకు ఆమె మీద కొంచెం కోపం కూడా వచ్చింది.

ఆమెది ఒక పద్ధతి. లోపల ఏదీ సదరదు. అంతా వాకిట్లోకి రావాల్సిందే. తర్వాత చాట ముందు పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్లు కూర్చున్నట్టే కాళ్లు చాపి కూర్చుని, ఒక్కో వస్తువును చేతిలోకి తీసుకుని ఒకటే ప్రశ్న అడుగుతుంది, దీన్ని చివరిసారి ఎప్పుడు ముట్టుకున్నవని. నేను ముట్టిన రోజు చెప్పను, ఆ వస్తువు ఎక్కడినుంచి వచ్చిందో పురాణం చెబుతాను. ఆమె చివరిదాకా ఓపికగా వింటుంది. విని, "చెప్పినవు గద అక్కా, అయిపాయె" అని బయటికి పోయే కుప్పలో పెడుతుంది.

మొదటి రోజు పగిలిన పచ్చడి జాడీ దగ్గర ఒంటికాలి మీద లేచాను. నోటికొచ్చినవన్నీ అన్నాను. ఆమె పంపు దగ్గర చేతులు కడుక్కుని, మెట్టు మీద కూర్చుని, తమలపాకుకు సున్నం రాసుకుంది. నా గొంతు పోయాక, అయిపోయిందా అని అడిగి, లేచి మళ్లీ పని మొదలుపెట్టింది. సాయంత్రానికి ఆయన మంచం వేయాల్సిన గదిలో నేల కనబడింది. ఆ గది నేల ఎర్ర గచ్చు అని నేనే మరిచిపోయాను.

రెండో రోజు నడవ. పరదా తీసి, పైనున్న గిన్నెలు, పెట్టెలు దించి బయటపెట్టాక మూటలు బయటపడ్డాయి. ఆమె మొదటి మూట మీద చెయ్యి వేసింది. అందులో ఏముందో చెప్పాను. చెబుతూ, ఎందుకు తోచిందో, మీ ఆయన ఏం చేస్తాడని అడిగాను. పోయి తొమ్మిదేళ్లయింది అంది.

"అయితే వాటిని ముట్టకు," అన్నాను.

అన్నాను. తెల్లారినప్పటినుంచి నా ఇంటి దుమ్మంతా మింగుతున్న మనిషిని పట్టుకుని అన్నాను. ఆసుపత్రిలో ఆయన అలా ఉన్నాడు, ఈ సమయంలో విధవ చెయ్యి పడకూడదని నా భయం. ఇప్పుడు తలచుకుంటే నా నాలుక కోసుకోవాలనిపిస్తుంది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని, కొంగుతో తుడుచుకుంది.

"సరే అక్కా. నువ్వే మొయ్యి," అంది.

పదకొండు మూటలు. ఒక్కొక్కటీ నెత్తిన పెట్టుకుని మిద్దె మీదికి మోశాను. ఏడో మూటకు మెట్ల మీదే చతికిలబడ్డాను. ఆమె చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. మూట మాత్రం ముట్టలేదు. నేను ముట్టమనీ అనలేదు.

మూటలు పోయాక నడవ గోడలు కనబడ్డాయి. నడుము ఎత్తున సున్నం లేచిపోయి, ఇనుము రాసుకున్న గీతలు. కొత్త గీతలు. కింద రెండు బండలు పగిలి ఉన్నాయి. ఆమె ఆ గీతల మీద వేలు పెట్టి చూసింది.

"అన్నను గిందులకెల్లి ఎట్ల తీస్కపోయిండ్రక్కా?"

అంబులెన్సువాళ్లు ఆలస్యం చేశారని, బిడ్డకు చెప్పిందే ఆమెకూ చెప్పాను. ఆమె బకెట్లో గుడ్డ ముంచి నేల తుడవడం మొదలుపెట్టింది.

మూడో రోజు గోడలకు సున్నం వేశాం. గీతలు కప్పుకుపోయాయి. పగిలిన బండలు పీకించి సిమెంటు పూయించాను. ఫినాయిలు వాసన, సున్నం వాసన, ముందు గుమ్మంలో నిలబడితే వెనక బాత్రూము తలుపు దాకా వెలుతురు. ఇద్దరం ముందుగదిలో కూర్చుని చాయ్ తాగుతుంటే గేటు చప్పుడైంది. ముప్పై ఏళ్ల మనిషి. మామూలు చొక్కాలో ఉండేసరికి మొదట గుర్తుపట్టలేదు. ఆ రోజు వచ్చిన అంబులెన్సు డ్రైవరు.

లోపలికి రమ్మనలేదు. గుమ్మంలో నిలబడే చెప్పుకున్నాడు. ఆలస్యం చేశారని మా అల్లుడు వాళ్ల మీద దరఖాస్తు పెట్టాడట. నాకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. బండి ఎప్పుడు వచ్చిందో లెక్క ఉంది, వచ్చాక ఇంటి ముందు ముప్పావుగంట ఏం చేశారు, చాయ్ తాగారా, ఫోన్లు మాట్లాడుకున్నారా అని పైవాళ్లు అడుగుతున్నారట. తేలేదాకా బండి ఎక్కొద్దన్నారట. ఆ నడవ ఎలా ఉందో ఒక ఫోటో తీసుకుని చూపిద్దామని వచ్చాడు. ఫోను చేతిలోనే ఉంది. చెబుతూ చెబుతూ నా భుజం మీదుగా లోపలికి చూసి ఆగిపోయాడు. తెల్లటి గోడలు, తడి నేల.

"సాఫు జేసిండ్రా," అన్నాడు మెల్లగా. ఫోను జేబులో పెట్టుకున్నాడు. "మూటల మీదికెల్లి దాటిపోతమంటే మీరే తొక్కనియ్యలేదు గదమ్మా. నా కాళ్లు పట్టుకున్నరు గద. గంతమాట సార్లకు చెప్పుండ్రి."

నిజం. పడిపోయేటప్పుడు ఆయన ఆసరాకు ఒక ట్రంకు పెట్టెను పట్టుకున్నట్టున్నాడు, దాంతో నడవలో ఉన్నదంతా కూలి అడ్డం పడింది. బండి పిలిచిన పావుగంటలో వచ్చింది. ఇద్దరు వచ్చారు, స్ట్రెచరు నడవలో ఇరుక్కుపోయింది. దాన్ని బయట పెట్టి, మూటల మీద కాలు వేసి దాటిపోయి దుప్పట్లో మోసుకొస్తాం అన్నారు. నేను అడ్డం పడ్డాను. పసుపు కుంకుమ గుడ్డలవి, తొక్కకండి, ఆయనకు కీడు, చేత్తో తీయండి అని ఏడ్చాను. వాళ్లు కోప్పడ్డారు, బతిమాలారు. నేను డ్రైవరు కాళ్లు వదల్లేదు. చివరికి గిన్నెలు, పెట్టెలు, మూటలు ఒక్కొక్కటే చేత్తో తీసి బాట చేశారు; వాటిని మర్నాడు నేనే మళ్లీ నడవలో పేర్చి పరదా వేశాను. ఆ ముప్పావుగంటా అటువైపు ఆయన వెల్లకిలా పడి, కళ్లు తెరుచుకుని మమ్మల్నే చూస్తున్నాడు. ఆయన ప్రాణం కోసమే చేస్తున్నాననుకున్నాను. ఆయన బతుకు పోగొట్టింది నేనే.

నేను నిజం చెబితే బిడ్డ ఆయనను నా దగ్గర ఒక్క రోజు కూడా ఉంచదు. నాకు అప్పుడు అదొక్కటే కనబడింది. ఎదురుగా ఉన్న మనిషి కనబడలేదు.

"నాకేం యాది లేదు," అన్నాను.

అతను గేటు వేసి వెళ్లిపోయాడు. లోపలికి తిరిగేసరికి ఆమె చీపురు, బకెట్టు ఒక మూలకు పెట్టి కొంగు దులుపుకుంటోంది. ఇంకా వంటగది ఉంది కదా అన్నాను.

"రేపటి సంది నేను రానక్కా. గా మనిషి మొఖం సూడలేకపోయిన," అంది.

నా సంగతి నీకెందుకని కసిరాను. విధవ ముట్టొద్దంటే పడిన మనిషి, దీనికి పడలేదు. చెప్పులు వేసుకుని, వెనక్కి చూడకుండా పోయింది. వంటగది నేనొక్కదాన్నే సదురుకున్నాను. ఏది తీసినా ఎప్పుడు ముట్టుకున్నవని అడిగే గొంతు లేదు. సగం సామాను అడగకుండానే బయట పడేశాను.

ఐదో రోజు పదకొండు గంటలకు ఆయనను తెచ్చారు. చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి అల్లుడు తోసుకుంటూ నడవలోంచి తీసుకొచ్చాడు, చక్రం గోడకు ఎక్కడా తగల్లేదు. బిడ్డ వెనకే వస్తూ గోడను చేత్తో తడిమింది. గది చూసింది, మంచం చుట్టూ ఒకసారి తిరిగింది. ఇంత జాగా ఉందా మన ఇంట్లో అంది. రెండేళ్ల తర్వాత బిడ్డ నన్ను చూసి నవ్వింది. నా కడుపు నిండిపోయింది. గంజి కాచి తెచ్చి ఆయన పక్కన కూర్చున్నాను, చెంచాతో నోట్లో పోస్తుంటే సగం చెంపమీదుగా కారిపోతోంది. అయినా ఉన్నాడు, నా ఇంట్లో ఉన్నాడు.

అప్పుడు అల్లుడి ఫోను మోగింది. దరఖాస్తు సంగతి విచారించే అధికారి. ఇంట్లో ఉన్నవాళ్ల మాట కూడా రాసుకోవాలన్నాడట. అల్లుడు అందరికీ వినబడేలా పెట్టి మంచం మీద ఉంచాడు. బండివాళ్లు వచ్చాక ఏం జరిగిందమ్మా అని అవతలి గొంతు అడిగింది. బిడ్డ నన్ను చెప్పమని సైగ చేసింది. నేను చెంచా పట్టుకుని అలాగే ఉన్నాను. ఈలోగా ఆయన మూతి కదిలింది.

"తొవ్వ... లేకుండె," అన్నాడు. మళ్లీ గొంతు కూడదీసుకుని, "వాళ్ల... తప్పు లేదు," అన్నాడు.

ఆసుపత్రిలో పదిహేను రోజుల్లో ఆయన నోట అన్ని మాటలు ఒక్కసారి రాలేదు. బిడ్డ గుమ్మంలోంచి నడవ వైపు చూసింది. అక్కడ ఏముంది, తెల్లటి గోడలు, ఖాళీ నేల. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఫోను వైపు వంగి, "బాపుకు మతి సక్కగ లేదు సార్. ఏదేదో అంటుండు. మా అమ్మను అడుగుండ్రి," అంది.

ఆయన నన్ను చూశాడు. బెదిరించినట్టు కాదు, అడిగినట్టూ కాదు. ఊరికే చూశాడు. తన మాట పిచ్చి మాట అయిపోయింది, ఇంకో మాట కూడగట్టుకునే ఓపిక లేదు. నేను సరే అంటే చాలు. ఆయన ఈ గదిలోనే ఉంటాడు, నా చేతి గంజి తాగుతాడు, జీవితాంతం మతి చెడిన మనిషి అనిపించుకుంటాడు.

"మీ బాపుకు మతి సక్కగనే ఉంది," అన్నాను. "తొవ్వ లేకుండె. నేనే పెట్టిన సామానంత. వాళ్లు మూటలు తొక్కి పోతమంటే నేనే పోనియ్యలేదు."

ఫోనులో అధికారి మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పాను. డ్రైవరును తిరిగి బండి ఎక్కించమని కూడా చెప్పాను. అల్లుడు ఫోను తీసుకుని బయటికి పోయాడు. బిడ్డ నా వైపు తిరిగింది.

"ఎంత సేపాయె అమ్మా?" అంది.

"ముప్పావుగంట."

అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది, అరుపులు నాకు అలవాటే. నా చేతిలోంచి గిన్నె, చెంచా తీసుకుంది. తన కొంగుతో ఆయన చెంప తుడిచి, మిగిలిన గంజి తనే తాగించింది. తర్వాత లేచి, ఆసుపత్రినుంచి తెచ్చిన మందుల సంచి, ఆయన లుంగీలు, తువ్వాలు ఒక్కచోట చేర్చింది. నేను విప్పి మడతపెట్టిన బట్టలే మళ్లీ సంచిలో పెట్టింది. పోతావా అని ఆయనను ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

మూడింటికి కోటగిరినుంచి బండి వచ్చింది. అల్లుడు కుర్చీని వెనకనుంచి పట్టుకున్నాడు, బిడ్డ ముందు నడిచింది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను, అడ్డం లేకుండా. ఆ నడవలోంచి ఆయనను బయటికి తీసుకుపోయారు. నిమిషం కూడా పట్టలేదు.